వెల: అమూల్యం

తెలుగు పుస్తకాల రెండో పేజీలో, ప్రచురణ వివరాల కింద, ఒక మాట తరచు కనిపిస్తుంది. 'వెల: అమూల్యం'. రచయితలు సొంత డబ్బుతో వేసుకున్న పుస్తకాల మీద ఇది మరీ ఎక్కువ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల స్త్రీలు రాసి, తామే అచ్చు వేయించుకున్న పుస్తకాలను నేను కొన్నేళ్ళుగా సేకరిస్తున్నాను. కవితా సంపుటాలు, బతుకమ్మ పాటల సేకరణలు, శతకాలు, ఆత్మకథల్లాంటి చిన్న పుస్తకాలు. వాటిలో కొన్నింటి మీద వెల ఉంది, కొన్నింటి మీద లేదు, చాలావాటి మీద ఈ 'అమూల్యం' ఉంది.

మాటకు రెండర్థాలు. వెల కట్టలేనిది అని ఒకటి, ఊరికే ఇచ్చేది అని ఇంకొకటి. వాడుకలో ఈ రెండోదే నిజం. ఆడవాళ్ళ పని విషయంలో మన సమాజం ఎప్పుడూ చేసింది ఇదే కదా! అమ్మ చేతి వంట అమూల్యం, పిల్లల పెంపకం అమూల్యం, ముసలి అత్తమామల సేవ అమూల్యం. ఎంత అమూల్యమంటే దానికి పైసా ఇవ్వనక్కర్లేదు. పొగడ్తతో వెల ఎగ్గొట్టే ఈ పద్ధతి ఇంటి పని నుంచి సాహిత్యంలోకి ఎప్పుడు, ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్న నాకు పరిశోధన ప్రశ్నగానే కాక సొంత అవసరంగా కూడా ఎదురైంది. ఈ మూడు ఊళ్ళ స్త్రీల పని గురించి నేను రాసిన పుస్తకాన్ని ఈ-పుస్తకంగా సొంతంగా తెద్దామనుకున్నాను. దాని మీద ఏ అంకె వేయాలి? ఆ అంకె కోసం వెతుకుతూ తెలుగు పుస్తకం వెల చరిత్రలోకి వెళ్ళాను.

అణా పుస్తకాల కాలం

మన దగ్గర పుస్తకం వెల ఎప్పుడూ ఉత్త వ్యాపార విషయం కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, విజ్ఞాన శాస్త్రాలను తెలుగులో అందించడానికి పుట్టింది. ముందుగా చందాదారులను కూడగట్టుకుని పుస్తకాలు వేయడం అప్పటి గ్రంథమాలల పద్ధతి. 1930ల చివర నిజాం రాజ్యంలో వచ్చిన అణా గ్రంథమాలకు పేరులోనే వెల ఉంది. రూపాయిలో పదహారో వంతు పెట్టగలిగినవాళ్ళకు పుస్తకం అందాలని కె.సి. గుప్త ఉద్దేశం. ఆ కాలంలోనే, 1938లో, వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి పుస్తకాలను తానే మోసుకుని తిరిగి అమ్మాడు. పాలకుల భాష వేరు, బడి భాష వేరు అయిన చోట తెలుగు పుస్తకం చవకగా దొరకడమే ఒక రాజకీయ చర్య.

ఆ చైతన్యంలో మా సిరిసిల్లకు కూడా చోటుంది. 1935లో నాలుగో నిజామాంధ్ర మహాసభ మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగింది. దానితోపాటే జరిగిన మహిళా సభకు మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షురాలు. అంతకు ముందు ఏడాది, 1934లో, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేశాడు. అందులో స్త్రీలున్నారు, కానీ వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతమందే. స్త్రీలు చదవాలి అన్నదాని మీద ఆ తరం సంస్కర్తలందరిదీ ఒకే మాట. స్త్రీ రాస్తే ఆ రాతకు ప్రతిఫలం ఎవరిస్తారు అనేది మాత్రం వాళ్ళ తీర్మానాల్లోకి వచ్చినట్టు నా కంట పడలేదు. చవక వెల పాఠకుల వైపు నుంచి ఆలోచించిన న్యాయం. రాసేవాళ్ళ వైపు నుంచి న్యాయం అప్పటికి ప్రశ్నగానే లేదు. రాసేవాళ్ళలో ఎక్కువమందికి భూమో, వకీలు వృత్తో, ఉద్యోగమో ఉండేది. ఆడవాళ్ళకు ఆ మూడూ లేవు.

సొంత సంపాదన ఉన్న స్త్రీ పుస్తకం తలపెడితే ఏమవుతుందో 1910లోనే తెలిసింది. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా వావిళ్ళవారు ప్రచురించారు. అంతకు ముందు అచ్చయిన ప్రతిలో తీసేసిన పద్యాలను, ముద్దుపళని తన వంశం గురించి చెప్పుకున్న భాగాలను ఆమె తిరిగి చేర్చింది. 1911లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. సంగీతంతో సంపాదించుకున్న కళావంతురాలు కాబట్టే ఒక స్త్రీ కావ్యాన్ని, ఇంకెవరి మొహమాటమూ లేకుండా, ఉన్నదున్నట్టు లోకం ముందు పెట్టగలిగింది. వర్జీనియా వుల్ఫ్ 1929లో 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో గదితోపాటు ఏడాదికి ఐదువందల పౌన్ల ఆదాయం గురించి మాట్లాడింది. మనం గదిని గుర్తు పెట్టుకున్నంతగా పౌన్లను గుర్తు పెట్టుకోలేదు. ఆ పుస్తకం వచ్చింది వుల్ఫ్ దంపతులు 1917లో మొదలుపెట్టిన సొంత ప్రచురణ సంస్థ హోగార్త్ ప్రెస్ నుంచే అన్నది ఇంకా తక్కువ మందికి గుర్తు.

నవలా రాణులు, అద్దె షాపులు

1960, 70 దశకాల్లో తెలుగులో ఆడవాళ్ళ నవల రాజ్యమేలింది. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, ద్వివేదుల విశాలాక్షి, రంగనాయకమ్మ. వారపత్రికల అమ్మకాలు వాళ్ళ సీరియళ్ళ మీద నడిచాయి. ఎమెస్కో వంటి సంస్థలు పాకెట్ పుస్తకాలు తెచ్చాయి. నెలనెలా చందా కడితే పుస్తకాలు ఇంటికే వచ్చే 'ఇంటింటి గ్రంథాలయం' పథకం నడిచింది. కొనలేని ఊళ్ళలో అద్దె షాపులుండేవి. మా అమ్మ తరం జగిత్యాలలో చదివిన నవలల్లో కొన్నవాటి కంటే అద్దెకు తెచ్చినవే ఎక్కువ. రోజుకు ఇంతని కట్టి, రాత్రికి రాత్రే చదివి, పక్కింటామెకు చదవనిచ్చి, పొద్దున్నే తిరిగిచ్చేవారు. ఒక్కో ప్రతి చేతులు మారి మారి అట్ట ఊడి, కుట్టు విడిపోయేదాకా తిరిగేది.

ఆ తిరుగుడులో షాపువాడికి ప్రతిసారీ పైసలు వచ్చేవి. రచయిత్రికి మొదటి ప్రతి కొన్నప్పుడు వచ్చే రాయల్టీయే, అదైనా ఇస్తే. నవల మీద హక్కులన్నీ ఒకేసారి కొంత మొత్తానికి రాసిచ్చేసినవాళ్ళకు అదీ లేదు. 'స్త్రీల నవలలు చవకబారువి' అని విమర్శకులు తీర్పు చెప్తున్న రోజుల్లోనే ఆ నవలల మీద పత్రికలు, ప్రచురణకర్తలు, పంపిణీదారులు, అద్దె షాపులు బతికాయి. ఇన్ని కుటుంబాలను పోషించిన శ్రమను చవకబారు అనడం వెనక ఉన్న రాజకీయాన్ని మన సాహిత్య చరిత్రలు ఇంకా సరిగ్గా తేల్చలేదు.

అద్దె పుస్తకం మీద రచయితకు హక్కు ఉంటుందా? ఉంటుందని కొన్ని దేశాలు ఒప్పుకున్నాయి. గ్రంథాలయాల్లో ఉన్న పుస్తకాలకు రచయితకు కొంత ప్రతిఫలం ప్రభుత్వం చెల్లించే పద్ధతి డెన్మార్క్ 1946లో మొదలుపెట్టింది. బ్రిటన్‌లో దీనికోసం ఏళ్ళ తరబడి పోరాడినవాళ్ళలో ముందు వరసలో ఉన్నవాళ్ళు ఇద్దరు రచయిత్రులు, బ్రిజిడ్ బ్రోఫీ, మొరీన్ డఫీ. 1979లో అక్కడ చట్టం వచ్చింది. మన దగ్గర 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. కోరుట్లలో బీడీలు చేసే ఆమె కూడా తన రెండు గదుల ఇంటికి ఆ పన్ను కడుతుంది. ఆ పైసల్లోంచి రాసిన స్త్రీకి చదివినందుకు ప్రతిఫలం రావాలన్న ఆలోచన మన చట్టంలో లేదు.

వెల తగ్గించిన రచయిత్రి

ఈ చరిత్రలో సొంత దారి వేసుకున్నది రంగనాయకమ్మ. స్వీట్‌హోమ్ పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలను తానే ప్రచురించుకుంది. వందల పేజీల పుస్తకాలను గట్టి బైండుతో, చూసినవాళ్ళు ఆశ్చర్యపోయేంత తక్కువ వెలకు ఇచ్చింది. 1974-76 మధ్య మూడు భాగాలుగా వచ్చిన 'రామాయణ విషవృక్షం' అయినా, మార్క్స్ 'కాపిటల్' పరిచయమైనా, ఆమె పుస్తకాల వెల చూస్తే కాగితం ఖరీదైనా వస్తుందా అనిపించేది. ఆమెతో ఎన్ని విషయాల్లో విభేదించినా, అదనపు విలువ గురించి పాఠకులకు వివరించిన రచయిత్రి తన పుస్తకం వెల దగ్గర కూడా దాన్ని మరిచిపోలేదని ఒప్పుకోవాలి.

కానీ ఈ నమూనాను మన తరం ఉన్నదున్నట్టు తీసుకోలేదు. తక్కువ వెల ఎక్కువ ప్రతుల మీద నిలబడుతుంది. సీరియళ్ళ ద్వారా తనకంటూ పెద్ద పాఠక లోకాన్ని ఏర్పరచుకున్న రచయిత్రి వేల ప్రతులు వేయగలదు. ఐదువందల ప్రతులు వేసి మూడొందలు మంచం కింద పెట్టుకునే కవయిత్రికి ఆ లెక్క పనిచేయదు.

1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఇంకో దారి. లాభం కోసం కాని సంస్థగా, సామాన్యులు కొనగల వెలకు పుస్తకాలు తెచ్చింది. దళిత స్త్రీల సాహిత్యాన్ని గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు'గా 2003లో వేసింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర', 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సమిష్టి శ్రమతో తయారైనవి. మన ఉద్యమ ప్రచురణలన్నీ కార్యకర్తల జీతం లేని పని మీద నడిచాయి. ప్రూఫులు దిద్దినవాళ్ళు, కట్టలు మోసినవాళ్ళు, సభల్లో బల్ల వేసుకుని అమ్మినవాళ్ళు ఎవరూ గంటల లెక్క అడగలేదు. అది ఉద్యమ బలం. ఆ అలవాటే తర్వాత 'ఆడవాళ్ళ పుస్తకం కదా, ఎవరైనా ఊరికే చేసి పెడతారు' అనే ధోరణిగా మారడం మాత్రం మనం అనుకోనిది.

ఫారం లెక్క

ఇప్పటి లెక్క చూద్దాం. ప్రెస్సువాళ్ళు పుస్తకాన్ని పేజీల్లో కాక ఫారాల్లో లెక్కిస్తారు. ఫారమంటే పదహారు పేజీలు. నా పుస్తకం 208 పేజీలు, పదమూడు ఫారాలు. ఐదువందల ప్రతులకు డీటీపీ, ముఖచిత్రం, కాగితం, ముద్రణ, బైండింగు కలిపి నాకు చెప్పిన మొత్తం అరవై వేలు. అంటే ప్రతికి 120 రూపాయలు. వెల 200 పెట్టి, పంపిణీదారుకు నలభై శాతం పోతే చేతికొచ్చేది 120. సరిగ్గా పెట్టుబడి. కానీ ఐదువందల్లో వంద ప్రతులు సమీక్షకులకు, పెద్దలకు, ఆవిష్కరణ సభలో వేదిక మీదివాళ్ళకు, బంధువులకు గౌరవంగా పోతాయి. మిగతా నాలుగొందలూ అమ్ముడుపోయినా వచ్చేది నలభై ఎనిమిది వేలు. పన్నెండు వేలు నష్టం. అందరూ కూలీ తీసుకున్నారు. డీటీపీ అమ్మాయి, బైండరు, ఆటో అతను, హాలు అద్దె. పుస్తకం రాసినామె ఒక్కతే ఎదురు కట్టింది.

ఈ పద్ధతికి ఈ-పుస్తకం విముక్తి అవుతుందని మొదట అనిపిస్తుంది. కాగితం లేదు, బైండు లేదు, మంచం కింద కట్టలు లేవు. 2010లో మొదలైన కినిగె తెలుగు పుస్తకాలను తెర మీదికి తెచ్చింది. కొనడమే కాకుండా తక్కువ మొత్తానికి కొన్ని రోజులు అద్దెకు తీసుకునే వీలు కూడా అందులో ఉండేది. పాత అద్దె షాపుకు, దీనికి ఒక ముఖ్యమైన తేడా: ఇక్కడ అద్దెలో రచయితకు వాటా ఉండేది. 2016 డిసెంబరులో అమెజాన్ మన దేశంలో కిండిల్ మీద భారతీయ భాషల పుస్తకాలు ప్రకటించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషలో రాస్తూ కూడా బజారు గుమ్మం బయట నిలబడాల్సి రావడం తెలంగాణ రచయిత్రులకు కొత్త అనుభవమేమీ కాదు.

గుమ్మం దాటినా వెల వేసే చేయి మనది కాదు. కిండిల్‌లో సొంతంగా ప్రచురించుకునేవాళ్ళకు 2010 నుంచి రెండు రకాల రాయల్టీ ఉంది. అమెరికాలో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య వెల పెడితే 70 శాతం, దాని కింద గానీ పైన గానీ పెడితే 35. మన దేశంలో అమ్మకాలకు ఆ 70 శాతం రావాలంటే పుస్తకాన్ని ఇంకెక్కడా డిజిటల్‌గా అమ్మకుండా వాళ్ళకే కట్టిపెట్టే పథకంలో చేరాలి. వెల నువ్వే పెట్టుకోవచ్చు అంటూనే ఏ వెల పెట్టాలో వాటాల ద్వారా నిర్ణయించే ఏర్పాటు ఇది.

ఇక పన్ను. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు అచ్చు పుస్తకం మీద పన్ను లేదు. ఈ-పుస్తకం మీద 18 శాతం వేశారు. 2018 జూలైలో దాన్ని ఐదు శాతానికి తగ్గించారు, అయితే అచ్చు ప్రతి ఉన్న ఈ-పుస్తకాలకు మాత్రమే. అచ్చు వేసే స్తోమతు లేక నేరుగా తెర మీదికి వచ్చిన పుస్తకం ఆ తగ్గింపుకు బయటే ఉండిపోయింది. లెక్క వేసి చూడండి. పాఠకురాలు వంద రూపాయలు ఇస్తే 18 శాతం పన్నులో అసలు వెల దాదాపు 85. ఐదు శాతం పన్నులో 95. అమ్మే వేదిక సగం తీసుకుంటుందనుకుంటే రచయిత్రికి మొదటి దాంట్లో 42, రెండో దాంట్లో 47. డబ్బున్నామెకు ఐదు రూపాయలు ఎక్కువ, లేనామెకు తక్కువ.

వెయ్యికి ఎంత?

నాకు లెక్కలు నేర్పింది బడి కాదు, కోరుట్లలో మా చిన్నమ్మ. ఆమె తన పన్నెండో ఏట నుంచి బీడీలు చేస్తోంది. నానబెట్టిన తునికాకును కత్తెరతో కోసి, చాటలో తంబాకు పెట్టుకుని, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి, ఇరవై ఐదింటిని ఒక కట్ట చేస్తే, నలభై కట్టలు వెయ్యి. ఈ మూడు ఊళ్ళలోనూ ఆడవాళ్ళ రోజుకు కొలమానం ఈ వెయ్యే. సిరిసిల్లలో మగవాళ్ళు సాంచాల మీద నేసే గుడ్డకు మీటర్ల లెక్క ఉంటే, ఆ ఇళ్ళలోనే ఆడవాళ్ళు కండెలు చుడుతూ, బీడీలు చేస్తూ ఉంటారు. మగవాళ్ళు భివండికో, సూరత్‌కో, గల్ఫ్‌కో పోయిన ఇళ్ళలో నెల గడిచేది బీడీల మీదే.

కార్ఖానాలో కట్టలు అప్పగించేటప్పుడు బాగా లేవని కొన్నింటిని తీసేస్తారు. తీసేసినవాటికి కూలీ ఉండదు, కానీ ఆకు, తంబాకు, పని అన్నీ పోయినట్టే. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని బీడీలు చేసే స్త్రీని కూడా కార్మికురాలిగా గుర్తించింది. ముడిసరుకు తక్కువ ఇవ్వడం మీద, తీసేసిన బీడీల కూలీ మీద వివాదం లేవనెత్తే హక్కు ఆమెకు ఉందని చెప్పింది. అమలు ఎట్లా ఉందనేది వేరే వ్యాసం. ఇల్లు కూడా పనిచోటే అని, ఇంట్లో చేసినంత మాత్రాన అది ఊసుపోక చేసే పని కాదని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. వంటింటి బల్ల మీద రాసే స్త్రీకి ఆ గుర్తింపు ఇంకా రాలేదు.

నా పుస్తకానికి వెల ఎంత పెట్టాలని అడిగితే చిన్నమ్మ ఎదురు ప్రశ్న వేసింది. 'ఎన్ని దినాలు పట్టింది బిడ్డా?' మూడేళ్ళలో ఊళ్ళు తిరగడానికి నూట ఇరవై రోజులు, రాయడానికి, దిద్దడానికి రెండొందల నలభై రోజులు. మొత్తం మూడొందల అరవై. 'దినానికి రెండొందలే ఏసుకో' అంది. డెబ్బై రెండు వేలు. ప్రతికి 47 రూపాయల చొప్పున అది రావాలంటే పదిహేను వందలకు పైగా ప్రతులు అమ్ముడుపోవాలి. తెలుగులో పరిశోధన పుస్తకం, అందులోనూ తెర మీది పుస్తకం, అంతమంది కొంటారని నేనూ అనుకోను, మీరూ అనుకోరు. అంటే బీడీ కూలీ స్థాయిలో లెక్క కట్టినా నా పని గిట్టదు. పోనీ వెల మూడింతలు చేద్దామా? అప్పుడు అది ఎవరి గురించి రాశానో వాళ్ళ బిడ్డలు కొనలేని పుస్తకమవుతుంది.

ఇక్కడ మధ్యతరగతి మిత్రులు ఒక సలహా ఇస్తారు. 'కాగితం ఖర్చు కూడా లేదు కదా, పీడీఎఫ్ చేసి అందరికీ ఊరికే పంపించెయ్.' ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒక సంగతి స్పష్టమవుతూ వచ్చింది. అచ్చు పుస్తకం వెలలో కాగితం, సిరా, బైండు, రవాణా, కమీషను అన్నీ కలిసి ఉంటాయి. రచయిత్రి శ్రమ వాటి చాటున ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఈ-పుస్తకంలో ఆ చాటు తొలగిపోతుంది. మిగిలేది ఆమె ఆలోచన, ఆమె తిరిగిన ఊళ్ళు, ఆమె నిద్ర మానుకున్న రాత్రులు మాత్రమే. అది మాత్రమే మిగిలినప్పుడు 'ఇందులో ఏముంది, వెల ఎందుకు' అంటున్నాం. ఇంటి పనికి కూలీ కావాలని 1970లలో సిల్వియా ఫెడెరిచి వంటి స్త్రీవాదులు అడిగినప్పుడు వచ్చిన జవాబు కూడా ఇదే. వస్తువు కనిపిస్తే ధర ఉంటుంది, స్త్రీ శ్రమ కనిపిస్తే ప్రేమ అంటారు.

చెప్పినవాళ్ళ వాటా

ఇంతకంటే ఇబ్బందికరమైన ప్రశ్న సిరిసిల్లలో ఎదురైంది. కండెలు చుట్టే ఒక పెద్దమ్మ తన జీవితమంతా నాకు చెప్పింది. భివండి పోయి తిరిగొచ్చిన భర్త, ఊపిరితిత్తుల జబ్బు, అప్పులు. ఆ కాలమంతా చెప్పి చివర అడిగింది, 'నా కత నువ్వు అమ్ముకుంటవా అవ్వా?' అమ్ముతానన్నాను. 'అమ్మితే నాకు గూడ ఇయ్యి మరి' అంది, నవ్వుతూనే, కానీ నిజంగానే.

మౌఖిక చరిత్రలు రాసేవాళ్ళందరం ఈ ప్రశ్న ముందు నిలబడాలి. 'మనకు తెలియని మన చరిత్ర' తర్వాత గొంతు ఎవరిది, కలం ఎవరిది, వాళ్ళ తరఫున మాట్లాడే హక్కు మనకెట్లా వచ్చింది అని మనం చాలా చర్చించాం. పైసలు ఎవరివి అని అంతగా చర్చించలేదు. కాపీరైటు చట్టం రాసినామెను కర్తగా గుర్తిస్తుంది. చెప్పినామె ఆ చట్టం దృష్టిలో దాదాపు ముడిసరుకే, తునికాకు లాగ. నా పుస్తకాన్ని 'అమూల్యం' అని ఊరికే పంచితే ఆ పెద్దమ్మ ప్రశ్నకు చక్కని తప్పించుకునే దారి దొరుకుతుంది. నాకే రాలేదు, నీకేమివ్వను అనొచ్చు. ఊరికే ఇవ్వడం ఎప్పుడూ ఉదారత కాదని నాకు అప్పుడు అర్థమైంది. నా శ్రమను దానం చేసే హక్కు నాకుంది. ఆమె వాటాను దానం చేసే హక్కు లేదు.

అందుకని ఒక అంకెకు వచ్చాను. వంద రూపాయలు. దానికి నేను పెట్టుకున్న కొలత, కోరుట్లలో వెయ్యి బీడీలకు ఇచ్చే కూలీలో అది సగానికి మించకూడదని. అంటే ఒక బీడీ కార్మికురాలి కూతురు నా పుస్తకం కొనాలంటే వాళ్ళమ్మ ఐదొందల బీడీల పని దానికి సరిపోవాలి. ఐదొందల బీడీలంటే ఒక పూట నడుం వంచి కూర్చోవడం. నా పుస్తకం ఆ పూటకు తగినదా అని ప్రతి పేజీ దగ్గరా అడుక్కోవాల్సి వచ్చింది. కొన్ని సిద్ధాంత చర్చలు ఆ పరీక్షకు నిలవక పుస్తకంలోంచి పోయాయి. వెల గురించిన ఆలోచన రాతను కూడా దిద్దుతుందని నాకు ముందు తెలియదు.

పన్ను తేడా కోసం, ఫోను తెర మీద చదవలేని పెద్దవాళ్ళ కోసం, కొద్ది ప్రతులు అచ్చు కూడా వేస్తున్నాను. అవి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గ్రంథాలయాలకు, తమ జీవితం చెప్పిన స్త్రీలకు ఇస్తాను. రెండో పేజీలో వెలతోపాటు దాని లెక్క కూడా వేస్తున్నాను. వందలో పన్ను ఎంత, అమ్మే వేదికకు ఎంత, నాకు ఎంత. నాకు వచ్చేదాంట్లో సగం చెప్పినవాళ్ళది. మా చిన్నమ్మ దగ్గర కార్ఖానా లెక్క పుస్తకం ఉంటుంది, ఆకు ఎంత తీసుకుంది, బీడీలు ఎన్ని అప్పగించింది అని. పుస్తకానికి అట్లాంటి లెక్క ఎందుకు ఉండకూడదు?

ఈ వెలతో నా మూడొందల అరవై రోజుల కూలీ రాదని పైన లెక్క వేసి చూపించాను. కాబట్టి వెలను కూలీ అని భ్రమపడటం లేదు. గిట్టుబాటు ఒక్కొక్క రచయిత్రి తన పుస్తకం మీద వేసుకునే అంకెతో వచ్చేది కాదు. గ్రంథాలయ పన్నులోంచి చదివినందుకు ప్రతిఫలం, అచ్చు ప్రతి లేని ఈ-పుస్తకానికీ అదే పన్ను రాయితీ, తెలుగుకు డిజిటల్ బజారులో సమాన ప్రవేశం, ఇవి కలిసి అడగాల్సినవి. బీడీ కార్మికులు సంఘాలుగా అడిగారు కాబట్టే వాళ్ళ పేరు చట్టంలోకి ఎక్కింది. తెలంగాణ వచ్చాక పింఛనుల జాబితాలోకీ ఎక్కింది. రచయిత్రుల వేదికల్లో మనం కవిత్వం గురించి, అస్తిత్వాల గురించి, నిర్బంధం గురించి మాట్లాడుకుంటాం. ఒక్క సభ వెల గురించి పెట్టుకుందాం. ఎవరి పుస్తకానికి ఎంత ఖర్చయింది, ఎంత తిరిగొచ్చింది, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఎవరి గాజులు కుదువ పెట్టారు, అన్నీ బల్ల మీద పెడదాం.

కొనేటప్పుడు రాయితీ ఎంత అని అడగకండి. పీడీఎఫ్ పంపమని అడగకండి. సిరిసిల్ల పెద్దమ్మ ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేసి ఎన్ని అమ్ముడుపోయాయని అడిగింది. పుస్తకం ఇంకా బయటికి రాలేదని చెప్పాను. 'జెల్ది తియ్యి బిడ్డా, లెక్క మాత్రం రాసి పెట్టు' అంది.